మన దుమ్ముకు ఏ వాక్యూమ్ క్లీనర్?

దుమ్ము అన్ని ఊళ్లలో ఒకేలా ఉండదు. ఖమ్మంలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల చుట్టుపక్కల ఇళ్లలో రాతిపొడి పేరుకుంటుంది. ఇల్లందు, మణుగూరు దారుల్లో బొగ్గు లారీలు నల్లదుమ్ము రేపుతాయి. పాల్వంచలో థర్మల్ కేంద్రపు బూడిద, భద్రాచలం అడవి అంచు ఊళ్లలో ఎర్రమట్టి. ప్రకటనల్లో మాత్రం తివాచీలు పరిచిన గదులే కనిపిస్తాయి. మన ఇళ్లలో ఉన్నవి బండలు, టైల్స్. తివాచీ బ్రష్షుకు అదనంగా డబ్బు పోయడం దండగ.

మనకు అసలు ఇబ్బంది సన్నదుమ్ముతోనే. 10 మైక్రాన్ల రేణువు కదలని గాలిలో మీటరున్నర ఎత్తు నుంచి నేలకు దిగడానికి దాదాపు 8 నిమిషాలు పడుతుంది. ఒక మైక్రాన్ రేణువుకైతే సుమారు 12 గంటలు. ఫ్యాను తిరుగుతుంటే ఇంకా ఆలస్యం. పొడి చీపురుతో ఊడిస్తే పెద్ద నలుసులు చాటలోకి వస్తాయి, సన్నవి మన ముక్కు ఎత్తుకు లేస్తాయి. వాకిలి ఊడ్చే ముందు నీళ్లు చిలకరించడం అందుకే మంచి పద్ధతి. తడికి రేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కుతాయి.

వాక్యూమ్ క్లీనర్‌లో ఫ్యాను లోపలి గాలి పీడనాన్ని తగ్గిస్తుంది. బయటి వాతావరణ పీడనం గాలిని గొట్టంలోకి నెడుతుంది, ఆ గాలి దుమ్మును మోసుకుపోతుంది. దుకాణంలో గొట్టం మూతికి అరచేయి అడ్డం పెట్టించి, ఎంత గట్టిగా లాగుతోందో చూడమంటారు. అప్పుడు మోటారు మోత ఒక్కసారిగా కీచుమంటుంది. అది మోటారు కష్టపడుతున్న చప్పుడు కాదు. నెట్టడానికి గాలి లేక ఫ్యాను మరింత వేగంగా తిరుగుతోంది. ఆ క్షణాన పీడన తేడా అత్యధికం, గాలి ప్రవాహం సున్నా, శుభ్రమయ్యేది కూడా సున్నాయే. కాబట్టి అట్టపెట్టె మీద ఆ పీడన తేడాను చెప్పే కిలోపాస్కల్స్ ఒక్కటే చూస్తే చాలదు. వాట్లు చూస్తే అసలే చాలదు, అవి కరెంటు ఎంత కాలుతుందో చెప్పే అంకెలు. ఐరోపా సమాఖ్య 2017 నుంచి 900 వాట్లు మించిన కొత్త మోడళ్లను మార్కెట్లోకి రానివ్వలేదు. ఇంట్లో వాడుతున్నప్పుడు అదే కీచుధ్వని వినిపిస్తే గొట్టంలో ఏదో అడ్డుపడిందనో, బూడిదతో ఫిల్టర్ మూసుకుపోయిందనో అర్థం. వెంటనే ఆపి చూసుకోవాలి.

లోపలికి పోయిన గాలి వెనక నుంచి బయటికి రావాల్సిందే. అక్కడ వడపోత సరిగా లేకపోతే గదిలోని సన్నబూడిదను మళ్లీ గదిలోకే ఊదినట్లవుతుంది. అసలైన హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని ఆపుతుంది. ‘హెపా తరహా’ అన్న మాటకు ఆ హామీ లేదు. సంచి లేని మోడళ్లలో గాలి సుడి తిరుగుతూ దుమ్మును డబ్బా గోడకు విసురుతుంది. ఆవిష్కర్త జేమ్స్ డైసన్ ఈ ఆలోచనను కలప మిల్లుల పొట్టు సేకరించే యంత్రాల నుంచి తీసుకుని, 5,127 నమూనాలు చేశాకే ఇంటికి పనికొచ్చే రూపం సాధించాడు. వెంట్రుకలకు, ఇసుకకు ఆ పద్ధతి దివ్యంగా పనిచేస్తుంది. అయితే డబ్బా ఖాళీ చేసేటప్పుడు సన్నబూడిద మళ్లీ ముఖాన లేస్తుంది. పాల్వంచ, మణుగూరు ఇళ్లకు, ముఖ్యంగా ఆస్తమా ఉన్నవాళ్లకు, మూతి మూసి పారేసే సంచి ఉన్న మోడలే మేలని నా అభిప్రాయం.

భద్రాచలంలో మరో అవసరం ఉంది. 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకు చేరింది. అలాంటి వరద తీశాక ఇంట్లో మిగిలిన నీటిని తడి-పొడి రెండూ లాగే డ్రమ్ము రకం తోడేస్తుంది. ముందు ఒండ్రును పారతో ఎత్తాలి, ఎలక్ట్రీషియన్ చేత వైరింగ్ చూపించుకోవాలి, కాగితపు సంచి తీసేయాలి. మామూలు క్లీనర్‌తో నీళ్లు లాగితే షాక్ కొట్టే ప్రమాదం ఉంది. పేడతో అలికిన మట్టినేల మీద మాత్రం ఏ మోడలూ వద్దు, అలుకు లేచిపోతుంది. నిప్పు ఆరని పొయ్యి బూడిదను ఏ యంత్రంతోనూ లాగకండి.

కొనే ముందు రెండు ప్రశ్నలు అడగండి: సంచులు, ఫిల్టర్లు ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో దొరుకుతాయా, వాటి ధర ఎంత? సరైన జవాబు రాకపోతే ఆ మోడల్ ఎంత మంచిదైనా వదిలేయండి.