చాపకూడు చెప్పిన పరహితధర్మము



తనకు మిగిలినదానిని లేనివానికి ఇచ్చుటయే పరహితమని లోకము తలంచును. అది మంచిదే. కాని శాస్త్రము చెప్పిన పరహితచింతన అంతటితో ఆగదు. ఎదుటివాని ఆకలిని తన ఆకలిగా ఎరుగుటయే దానికి మూలము. శిలాఫలకముపై పేరు కొరకో, పుణ్యపు లెక్క కొరకో ఇచ్చునప్పుడు మన మనస్సు మనయందే నిలిచియుండును. అది దానమగును గాని నిస్వార్థమనిపించుకొనదు.

ఋగ్వేదము పదవ మండలములోని 117వ సూక్తము దానమును గూర్చినది. ఒంటరిగా భుజించువాడు పాపమునే మూటగట్టుకొనునని అందలి భావము. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి ఇంటికి వచ్చినవానిని త్రిప్పిపంపరాదని వ్రతముగా విధించినది. గృహస్థునకు చెప్పిన పంచమహాయజ్ఞములలో మనుష్యయజ్ఞము, భూతయజ్ఞము చేరియున్నవి. అతిథులకును పశుపక్ష్యాదులకును పెట్టిన పిమ్మటనే అతడు భుజింపవలెను.

భాగవతము నవమస్కంధములోని రంతిదేవుడు 48 దినములు నీరైనను లేక పస్తుండెను. మరునాడు దొరికిన అన్నమును మొదట బ్రాహ్మణునకు, పిదప శూద్రునకు, ఆ పిదప కుక్కలతో వచ్చిన అతిథికి పంచిపెట్టెను. మిగిలిన నీటిని దప్పిగొనిన అంత్యజునకిచ్చెను. అతడు మోక్షమును కోరలేదు. సకలప్రాణుల దుఃఖమును తానే అనుభవింపగోరెను.

ఈ ధర్మము గ్రంథములలోనే నిలిచిపోలేదనుటకు మన పల్నాడే సాక్షి. 12వ శతాబ్దమున మాచర్ల చెన్నకేశవుని భక్తుడైన బ్రహ్మనాయుడు చాపకూడును నడపెనని వీరగాథలు చెప్పుచున్నవి. అన్ని కులములవారును ఒక్క పంక్తిని కూర్చుండి భుజించుటయే చాపకూడు. అంటరానిదని లోకము దూరముంచిన కులమున జన్మించిన కన్నమదాసును ఆయన కుమారునివలె ఆదరించి సేనానిని చేసెనని ప్రసిద్ధి. నేటికిని కారంపూడిలో కార్తిక అమావాస్య మొదలు ఐదు దినములు జరుగు వీరారాధనోత్సవములలో, మందపోరు నాడు చాపకూడు వడ్డింతురు.

వేరు పంక్తిలో పెట్టిన అన్నము కూడ కడుపు నింపును. కాని "నీవు మాలోనివాడవు కావు" అని చెప్పుచునే నింపును. ఈ భేదమును మేము ఆలస్యముగా గ్రహించితిమి. పాఠశాలలో ఆ సూక్తమును స్వరము తప్పకుండ వల్లించితిమి. సంతర్పణలలో వేరు పంక్తిని కూర్చుండి మొదటి వడ్డన గైకొంటిమి. వెలుపల ఎండలో పిల్లలు తమ వంతుకై వేచియుండుటను చూచియు అదియే ధర్మమనుకొంటిమి. డెబ్బది యేండ్లు దాటిన పిమ్మట కారంపూడి పంక్తిలో కూర్చుంటిమి. ప్రక్కనున్నవాడు ఎవరో మేమెరుగము. తన విస్తరి ఖాళీగా ఉండగనే, "ముందు పెద్దాయనకు వడ్డించండి" అని వడ్డించువానిని పిలిచెను. చిన్ననాడు వల్లించిన సూక్తమునకు అర్థము ఆనాడు తెలిసినది.

"మరి ఆచారము మాట యేమి?" అని కొందరు అడుగుదురు. ఆచారము ధర్మమును కాపాడుటకు ఏర్పడినది. ఆకలిగొన్నవానిని దూరముంచు ఆచారము రంతిదేవుని యెదుట నిలువజాలదు.

కావున ఆస్తికులారా! ఆలయములో అన్నప్రసాదము పెట్టునప్పుడు కడపటివానికి అందినదో లేదో చూడుడు. వడ్డించిన పిమ్మట మీరును ఆ పంక్తిలోనే కూర్చుండుడు. ఇంట పనిచేయువారికి మీరు తిను అన్నమునే, మీరు తిను వేళనే పెట్టుడు. చెన్నకేశవస్వామి మనకందరకును అట్టి బుద్ధిని ప్రసాదించుగాక!

స్వస్తి.