మేకులు శుక్రవారమే కొన్నారు!
చెమటోడ్చి పెద్దమ్మ ఇంటికి కప్పు సర్దిన మిత్రులు

ఉద్దానం: శనివారం ఇనుము కొనరాదన్నది పెద్దల మాట. అందుకే ఆ ఆరుగురు మిత్రులు శుక్రవారం సాయంత్రమే మేకులు, కట్టుతీగ కొని ఉంచుకున్నారు. తెల్లవారితే పని. రోహిణి కార్తె ఎండ నెత్తికెక్కకముందే కప్పు మీది పని సగమైనా కావాలి. లేకపోతే పెంకు మీద అరికాలు ఆనదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక పల్లెలో ఇది మూడేళ్లుగా సాగుతున్న ఏర్పాటు. ఆరుగురిలో ఒకరు తాపీ మేస్త్రి, ఒకరు వడ్రంగి, ఒకరు కొబ్బరి చెట్లెక్కే కార్మికుడు, ఇద్దరు జీడితోటల రైతులు, ఒకరు ఆటో నడుపుకొనే యువకుడు. ఎండాకాలం చివర వరుసగా ఆరు శనివారాలు ఆరిళ్లకు మరమ్మతు చేసుకుంటారు. కూలి మాట లేదు, బదులు పనే. ఎవరింట పనైతే ఆ ఇంట భోజనం.

పని కంటే ముందు కసరత్తు. కోడి కూసే వేళకు చెరువు గట్టున చేరి దండేలు, బస్కీలు తీస్తారు. ఆపైన సంగిడి రాళ్లు ఎత్తుతారు. వీరఘట్టంలో పుట్టి 1942లో కన్నుమూసిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు పేరు చెబితే ఈ ప్రాంతంలో ఇప్పటికీ కుర్రాళ్లకు ఒళ్లు పొంగుతుంది. సంగిడి ఎత్తిన చేతికి పెంకుల తట్ట బరువు కాదని వీరి వాదన.

ఆ శనివారం ఆరో వంతు. ఆటో నడిపే యువకుడి ఇల్లు సర్దాలి. కానీ గురువారం రాత్రి కురిసిన గాలివానకు వీధి చివర ఒంటరిగా ఉంటున్న పెద్దమ్మ ఇల్లు తడిసి ముద్దయింది. కొడుకు వలస పనికి దూరదేశం వెళ్లాడు. కోతులు గెంతి సగం పెంకులు అంతకుముందే పగలగొట్టాయి. బియ్యం డబ్బా నెత్తిన గోనె కప్పుకొని ఆమె తెల్లవార్లూ కూర్చుంది. సంగతి తెలిసి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, తన వంతు ఆమెకిచ్చేయమని ఆ యువకుడే ముందుగా అన్నాడు.

అంబలి తాగి ఆరుగురూ పనిలోకి దిగారు. చెట్లెక్కే కార్మికుడు మోకు కట్టుకొని కప్పెక్కాడు. పెంకు నడుమ కాలు వేయకుండా వాసం ఉన్న చోటే అడుగు వేయడం అతనికి తెలిసిన విద్య. పెంకులు దింపుతూ ఉంటే కింద మేస్త్రి వేలి కణుపుతో కొట్టి చూశారు. ఖంగుమంటే మంచిది, బొల్లు శబ్దం వస్తే బీటవారింది. మంచివి ఒక దొంతర, పగిలినవి ఒక కుప్ప.

పెంకులు తీశాక అసలు సంగతి బయటపడింది. రెండు వాసాలను చెదలు తినేసింది. పైకి బాగానే ఉన్నా గోటితో గిల్లితే పొడి రాలుతోంది. ఈ ఏడు గట్టి గాలి వీస్తే కప్పు మొత్తం కూలేదేనని వడ్రంగి తేల్చారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తోటలను, ఇళ్లను ఏం చేసిందో చూసిన వారెవరూ ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. కొత్త వాసాలు ఎక్కడివి? ఆటో యువకుడు తన ఇంటికని దాచుకున్న చేవగల తాటి వాసాలు రెండూ మోసుకొచ్చాడు. చెదలు పట్టకుండా వాటికి పాత ఇంజనాయిలు పూసి ఎక్కించారు.

ఆ తరువాత చూరు నుంచి కొప్పు దాకా వరుస మీద వరుస పేర్చుకుంటూ వెళ్లారు. కింది వరుస మీదికి పై వరుస అంచు దిగాలి. లేకపోతే నీరు లోపలికే వస్తుంది. చాలని పెంకులకు పాత ఇల్లు విప్పిన రైతు దొడ్డిలోంచి తెచ్చారు. చివరగా కోతులు ఎక్కకుండా చూరు పొడవునా ముళ్లకంప కట్టారు.

శనివారం గనుక నీసు లేదు. పెద్దమ్మ వండిన పనసకాయ కూర, మామిడికాయ పప్పుతో భోజనం అయింది. డబ్బు తీసుకోమని ఆమె కొంగుముడి విప్పితే అందరూ నవ్వి చెయ్యి కడుక్కున్నారు. మధ్యాహ్నం బావి గట్టు బాగుచేసి, సాయంత్రం నువ్వుల నూనె పట్టించుకొని తలంట్లు పోసుకున్నారు.

ఇక మిగిలింది ఒక్క ఇల్లు. మృగశిర దగ్గరపడింది. తూర్పున మబ్బు లేస్తోంది. ఆటో యువకుడు తన కప్పు మీద ప్రస్తుతానికి టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టాడు. వచ్చే శనివారం దాకా వాన ఆగకపోయినా తాము ఆగేది లేదని మిగిలిన ఐదుగురు చెబుతున్నారు. మేకులు మాత్రం మళ్లీ శుక్రవారమే కొంటారట.