మొన మారిన సూది

నాట్లూ కోతలూ ముగిసేసరికి గోదావరి సీమలోని రాయవరంలో నడుం పట్టేసినవాళ్లకు కొదవుండదు. డిస్కు జారి నరం నొక్కుకుంది, వెన్నులో ఇంజెక్షన్ చేద్దామని కాకినాడలోనో రాజమండ్రిలోనో డాక్టరు అనగానే ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడతారు: "వెన్నులో సూదా? వద్దు బాబూ, కాళ్లు పడిపోతాయి!" ఈ భయం అసలుకన్నా పెద్దదే గానీ, ఉత్తినే పుట్టింది మాత్రం కాదు.

ఈ సూది పుట్టిల్లు జర్మనీలోని కీల్ నగరం. నడుం దగ్గర సూది గుచ్చి వెన్నుద్రవం తీసే పద్ధతిని 1891లో అక్కడి వైద్యుడు హైన్రిక్ క్విన్కే వివరించాడు. ఏటవాలుగా కోసిన పదును మొన సూదికి నేటికీ ఆయన పేరే. 1898 ఆగస్టులో అదే ఊళ్లో సర్జన్ ఆగస్ట్ బీర్ ఆ దారినే కొకైన్ ఎక్కించి నడుం కింద మొద్దుబార్చాడు. తన మీదే ప్రయోగం చేయించుకోబోతే సిరంజి సూదికి అతకలేదు, వెన్నుద్రవం కారిపోయింది. అప్పుడు సహాయకుడు హిల్డెబ్రాంట్ ముందుకొచ్చాడు. మందు పట్టాక అతని కాలి ముందరి ఎముక మీద ఇనప సుత్తితో కొట్టినా నొప్పి తెలియలేదు. ఆ రాత్రి ఇద్దరూ వైన్ తాగి, చుట్టలు కాల్చి సంబరపడ్డారు. ఆ తర్వాత బీర్‌కు తలనొప్పి పట్టుకుంది. లేస్తే ఎక్కువ, పడుకుంటే మాయం. తొమ్మిది రోజులు వదల్లేదు.

కారణం, వెన్నుపామును చుట్టిన పొరకు పడిన చిల్లు. అది పూడేదాకా ద్రవం కారుతూనే ఉంటుంది. 1951లో అమెరికాలో హార్ట్, విటేకర్ పెన్సిల్‌లా చెక్కిన మొన, పక్కన కన్నం ఉన్న సూది తెచ్చారు. పొర పోగులను అది కోయదు, పక్కకు నెడుతుందని నమ్మకం. 2000లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే కథ తిరగబడింది: పెన్సిల్ మొన చేసిన చిల్లే పేలికలు పేలికలుగా ఉంది! ఆ చిరుగుల అంచు వాచి త్వరగా పూడుతుందేమోనని ఒక ఊహ. కారణమేదైనా, 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం 110 పరిశోధనలను కలిపి చూస్తే పదును మొనతో 11 శాతం మందికి వచ్చిన తలనొప్పి, పెన్సిల్ లాంటి మొనలతో 4.2 శాతానికే వచ్చింది.

అయితే నడుం నొప్పికి వేసే సూది ఆ పొర దాటకూడదు. బయటే ఆగి, వాచిన నరం పక్కన స్టెరాయిడ్ వదలాలి. అక్కడ గండం రక్తనాళం. నరం బయటికొచ్చే కన్నంలోనే వెన్నుపాముకు రక్తం మోసే ధమని కూడా ఉండొచ్చు. ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ పూర్తిగా కరగదు, రేణువులుగా తేలుతుంది. ఆ రేణువులు ధమనిలో పడి దారి మూస్తే కాళ్లు పడిపోవచ్చు. రాయవరం పెద్దల భయానికి ఆధారం ఇదే, అరుదే అయినా.

మరి మొద్దు సూది వాడితే? 2003లో కుక్కల మీద చూసినప్పుడు పదును సూది నాళాల్లోకి దూరింది, మొద్దుది దూరలేదు. మనుషుల్లో మాత్రం మొద్దు సూదీ నాళంలోకి వెళ్లిన సందర్భాలున్నాయి. అందుకే నా దృష్టిలో మొనకన్నా రెండు ప్రశ్నలు ముఖ్యం: ఎక్స్‌రే తెర మీద రంగుమందు పారే తీరు చూస్తూ ఇస్తారా? రేణువులు లేని స్టెరాయిడ్ డెక్సామెథసోన్ వాడతారా? మెడలో నరం కన్నం దారిన ఇచ్చేటప్పుడు రేణువుల మందు వద్దేవద్దని 2015లో అమెరికా నిపుణులు తేల్చారు. మందు శుభ్రంగా ఉండటమూ ముఖ్యమే: 2012లో అక్కడే బూజు పట్టిన స్టెరాయిడ్ సీసాల వల్ల 753 మంది జబ్బుపడి, 64 మంది పోయారు. అందులో సూది తప్పేమీ లేదు.

రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే డాక్టరుకు ముందే చెప్పాలి. సూది తర్వాత జ్వరమొచ్చినా, కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగినా తెల్లారేదాకా చూడొద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.