కత్తెర తప్పితే లయ తప్పుతుంది

గార్లదిన్నెలో గుండె జబ్బు మనిషి బస్సెక్కితే ముందు చేరేది అనంతపురం సర్వజనాసుపత్రి. కేసు బరువైతే పుట్టపర్తి, లేదంటే బెంగళూరు. ఆ దారిలో వినబడేవి నాళంలో అడ్డు, వాల్వు, గుండె పెరగడం వంటి మాటలు. లయ మాట అరుదు. కానీ హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లలో చాలామంది ఆయాసంతో నెమ్మదిగా కుంగి కాదు, లయ తప్పి ఉన్నట్టుండి పోతారు. గుండె కండ మీద పడిన మచ్చలే దానికి కారణమని చెబుతారు. అది నిజమే, కానీ సగం. జన్యువులో ఒక్క అక్షరం మారకపోయినా, కణం దాన్ని చదివే తీరు చెడి లయ తప్పే అవకాశముంది. అలా చెడడానికి కారణాల్లో కొన్ని మందులకు లొంగేవే కాబట్టి ఈ విషయం ప్రయోగశాలలోనే ఆగిపోకూడదు.

జన్యువు నుంచి తీసిన నకలును కణం ఉన్నదున్నట్టు వాడదు. సినిమా ఎడిటర్ లాగా అక్కర్లేని ఇంట్రాన్లను కత్తిరించి, పనికొచ్చే ఎక్సాన్లను అతికిస్తుంది. ఇదే స్ప్లైసింగ్. ప్రతి గుండె చప్పుడుకూ ముందు కండ కణాల్లోకి సోడియం ఒక్కసారిగా దూసుకురావాలి. ఆ ద్వారాన్ని తయారుచేసే జన్యువు ఎస్‌సీఎన్5ఏ. అమెరికాలో శామ్యూల్ డడ్లీ బృందం 2007లో, మనుషుల విఫలమైన గుండెల్లో ఈ జన్యువు చివరి భాగమైన 28వ ఎక్సాన్ దగ్గర కోత గాడి తప్పుతోందని చూపింది. అలా పుట్టే పొట్టి ప్రొటీన్లు ద్వారాలుగా పనిచేయవు. ద్వారాలు తగ్గితే విద్యుత్తు నడక మందగిస్తుంది. మందగించిన విద్యుత్తు వెనక్కి తిరిగి అక్కడక్కడే సుడులు తిరగడానికి దారి దొరుకుతుంది. ఈ కోతను చెడగొట్టేవాటిలో ఆర్‌బీఎం25, ఎల్‌యూసీ7ఎల్3 అనే రెండు కారకాలున్నాయనీ, యాంజియోటెన్సిన్-2, ఆక్సిజన్ కొరత వాటిని రెచ్చగొడుతున్నాయనీ అదే బృందం 2011లో తేల్చింది. గుండె బలహీనపడితే ఒంట్లో పెరిగే హార్మోన్లలో యాంజియోటెన్సిన్-2 ఒకటి.

మన దగ్గర అసలు గొడవ పుట్టుకతో వచ్చిన జన్యువుదే కదా అనేవారున్నారు. వారికి ఆధారమూ ఉంది. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధకుడు తంగరాజ్ తదితరులు 2009లో, ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయిన మార్పు దక్షిణాసియాలో నూటికి నలుగురిలో ఉందనీ, దానివల్ల 33వ ఎక్సాన్ జారిపోతుందనీ, గుండె కండ జబ్బు ముప్పు సుమారు ఏడింతలనీ ప్రకటించారు. అది చదివి బెంబేలెత్తినవారు తర్వాతి కథ కూడా వినాలి. కండ దళసరెక్కే జబ్బు ముప్పు ఆ లోపానిది కాదనీ, దాన్ని మోసేవారిలో కొద్దిమందికే జతగా వచ్చే మరో మార్పుదనీ 2020 నాటి పునఃపరిశీలన చెప్పింది. ఆ రెండోది కూడా స్ప్లైసింగ్‌నే చెడగొట్టేది కావడం గమనార్హం. అంటే నేరం కోతదే, నిందితుడు మారాడు. ఊరందరికీ జన్యు పరీక్ష చేయించమనే వాదన మాత్రం దీనితో వీగిపోయింది. చిన్న వయసులో హఠాత్తుగా మనుషులు పోయిన ఇళ్లలో ఈసీజీ, ఎకో తీస్తే అంతకన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఇంకో అభ్యంతరం గట్టిది. తప్పుడు కోత లయ చెడడానికి కారణమా, లేక చెడిన గుండెకు గుర్తు మాత్రమేనా? పొట్టి నకళ్లను రక్తంలో కొలిచి, లయ తప్పితే షాక్ ఇచ్చేలా ఒంట్లో అమర్చే ఐసీడీ పరికరం షాకుల ముప్పును అంచనా వేసిన 2014 అధ్యయనం చిన్నది, తీర్పు చెప్పడానికి చాలదు. అయితే యాంజియోటెన్సిన్ ప్రేరేపించే ఆల్డోస్టిరాన్‌ను అడ్డుకున్న 1999 నాటి రేల్స్ ప్రయోగంలోనూ, యాంజియోటెన్సిన్‌కే అడ్డు వేస్తూ నెప్రిలైసిన్ అనే ఎంజైమును కూడా ఆపిన 2014 నాటి పారడైమ్ ప్రయోగంలోనూ హఠాన్మరణాలు తగ్గాయి. అది స్ప్లైసింగ్ బాగుపడడం వల్లేనని ఇవి రుజువు చేయవు. యంత్రాంగం మీద వాదన సాగుతున్నా మందు ఆపకూడదని మాత్రం చెబుతాయి. అనంతపురం జిల్లాలో చిక్కంతా అక్కడే. కాళ్ల వాపు తగ్గగానే మాత్రలు మానేయడం, వలస వెళ్లిన నెలల్లో అవి అయిపోవడం ఒకవైపు. మండుటెండలో ఒంట్లో నీరు ఇంకిపోయినా నీరు లాగే మాత్రలు అదే మోతాదులో సాగడం మరోవైపు. ఆ మాత్రల్లో ఫ్యూరోసెమైడ్ పొటాషియాన్ని దించుతుంది, స్పైరనోలాక్టోన్ పెంచుతుంది, ఎటు మొగ్గినా లయకు ప్రమాదమే. గార్లదిన్నె రోగికి జన్యు పరీక్ష కన్నా ముందు అందవలసింది వేసవిలో పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష, ఆ ఫలితం చూసి మోతాదు మార్చే డాక్టరు.