మీకు తెలుసా? రాళ్ల లెక్క సరే, కిడ్నీ లెక్కేది?

2024 మార్చిలో హైదరాబాద్ ఏఐఎన్‌యూ ఆసుపత్రి వైద్యులు అరవై ఏళ్ల రోగి కిడ్నీలోంచి 418 రాళ్లు తీశారు. పెద్ద కోత లేదు. వీపు వైపు నుంచి సన్నటి దారి చేసి, రెండు గంటల్లో పని ముగించారు. వార్తల్లో 418 పెద్దక్షరాల్లో మెరిసింది. ఆగి చదవాల్సిన అంకె మాత్రం ఇంకోటుంది: 27. ఆపరేషన్ నాటికి ఆయనకు మిగిలిన కిడ్నీ పనితనం 27 శాతమే. 2022లో ఎల్బీనగర్‌లోని ఒక ఆసుపత్రి నల్లగొండ వాసికి 206 రాళ్లు తీసినప్పుడూ అంతే, అందరూ రాళ్లనే లెక్కపెట్టారు. నిజానికి కిడ్నీలో ఓ మూల పడున్న వంద రాళ్లకన్నా మూత్రనాళానికి అడ్డం పడ్డ ఒక్క రాయే ఎక్కువ చేటు చేయగలదు.

ఎందుకంటే మూత్రం దిగే దారి మూసుకుపోతే కిడ్నీ ఉబ్బుతుంది, లోపలి ఒత్తిడికి వడపోత మందగిస్తుంది. కుక్కల మీద చేసిన పాత ప్రయోగాల్లో, నాళం పూర్తిగా మూసుకున్నా వారంలోపు తెరిస్తే పనితనం దాదాపు అంతా తిరిగొచ్చింది. రెండు వారాలకు కొంత పోయింది. ఆరు వారాలయ్యాక ఏమీ మిగల్లేదు. మనుషుల్లో అడ్డు సాధారణంగా పూర్తిగా ఉండదు కాబట్టి ఇంకొంచెం వెసులుబాటు దొరుకుతుంది. అయితే ఇక్కడో మోసం ఉంది. కొన్ని రోజులకు కిడ్నీలో ఒత్తిడి తగ్గి, రాయి అక్కడే ఉన్నా నొప్పి పోతుంది. పసుపు పండే మోర్తాడ్ నుంచి ఆర్మూర్‌కో నిజామాబాద్‌కో పోయి స్కానింగ్ తీయిద్దామనుకున్న మనిషి, నొప్పి లేదు కదా అని మళ్లీ పసుపు చేను బాట పడతాడు. ఉలవచారు, కొండపిండాకు, అరటిదూట రసం మీద నాకు కోపమేమీ లేదు. వాటి పేరుతో పోయే వారాల మీదే.

ఇక రాయి తీయడానికి కిడ్నీకి రంధ్రం చేస్తే అది పాడైపోదా అన్న భయం. ఆ రంధ్రం వెడల్పు మామూలు పద్ధతిలో 8 నుంచి 10 మిల్లీమీటర్లు, మినీ పద్ధతిలో ఇంకా తక్కువ. కిడ్నీ కండను కోయరు, సూదితో దారి పెట్టి మెల్లగా పక్కకు ఒత్తుతూ వెడల్పు చేస్తారు. మానాక మిగిలే మచ్చ సాధారణంగా కిడ్నీ కండలో ఒక శాతానికి మించదు. ఈ విద్యను 1976లో లోకానికి చెప్పింది స్వీడన్ వైద్యులు ఫెర్న్‌స్ట్రోమ్, యోహాన్సన్. అయితే సూది ఎక్కడ దిగితే నెత్తురు తక్కువ పోతుందో తెలిపే గీతకు పేరిచ్చింది వాళ్లు కాదు, ఒక బొమ్మలు గీసేవాడు! జర్మనీలో పుట్టి అమెరికాలో వైద్య పుస్తకాలకు బొమ్మలు వేసిన మాక్స్ బ్రోడెల్, కిడ్నీలో ముందు వెనక రక్తనాళాలు కలవని సన్నటి హద్దును గుర్తించాడు. నేటికీ సర్జన్లు దాన్ని బ్రోడెల్ గీత అనే అంటారు.

ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజులు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడపోయాల్సిన వ్యర్థం) కొద్దిగా పెరిగి, మళ్లీ దిగుతుంది. అడ్డు తొలగింది కాబట్టి చాలామందిలో పనితనం నిలకడగా ఉంటుంది, కొందరిలో మెరుగవుతుంది కూడా. ఎక్కువ రక్తం పోయినా, చీము పట్టినా, ముందే షుగరు, బీపీ కిడ్నీని తినేసి ఉన్నా ఆ మాట చెప్పలేం.

రిపోర్టులో క్రియాటినిన్ నార్మల్ అని ఉంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కిడ్నీ దానం చేసినవాళ్లను చూడండి: ఒక కిడ్నీ మొత్తం లేకపోయినా చాలామంది క్రియాటినిన్ నార్మల్‌కు దగ్గర్లోనే ఉంటుంది, రెండోది ఆ బరువు ఎత్తుకుంటుంది కాబట్టి. అంటే రాయి తీసిన కిడ్నీ సగం చచ్చినా రక్తపరీక్ష నోరు మెదపకపోవచ్చు. ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో విడివిడిగా చెప్పేది డీటీపీఏ స్కాన్. చేతి నరంలోకి కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి, కెమెరాతో రెండు కిడ్నీల వాటాలు చూస్తారు. యాభై, యాభైకి అటూ ఇటూ ఉంటే మంచిది. హైదరాబాద్ నిమ్స్ లాంటి పెద్దాసుపత్రుల్లో ఇది ఉంది. అందరికీ అక్కర్లేదు. కానీ చాన్నాళ్లు అడ్డుపడి ఉబ్బిన కిడ్నీ అయితే, ఆపరేషన్‌కు ముందోసారి, కొన్ని నెలలాగి ఇంకోసారి తీయిస్తేనే పోల్చడానికి వీలు.

రాయి తీశాక మూత్రనాళంలో పెట్టే సన్నటి గొట్టం, డీజే స్టెంట్ సంగతి కూడా రాసిపెట్టుకోండి. మామూలుగా కొన్ని వారాల్లో తీసేయాలి. మరిచిపోతే దాని చుట్టూ రాళ్లు పేరుకుంటాయి, ఏళ్లు గడిస్తే కిడ్నీయే పోవచ్చు. ఆర్మూర్, మోర్తాడ్ వైపు గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు ఎక్కువ. సెలవు మీద వచ్చి ఆపరేషన్ చేయించుకున్న మనిషి, స్టెంట్ తీసే తేదీ ఖాయం చేసుకున్నాకే తిరుగు టికెట్ కొనాలి.

మోర్తాడ్ పసుపు ఊరు కాబట్టి పసుపు మాట. పసుపులో ఆక్సలేటు ఎక్కువే. మన రాళ్లలో సగానికి పైగా కాల్షియం ఆక్సలేటువే. 2008లో అమెరికాలో అచ్చైన ఓ చిన్న అధ్యయనంలో పసుపు గొట్టం మాత్రలు, దాల్చినచెక్క గొట్టం మాత్రలు విడివిడిగా నాలుగేసి వారాలు వాడించి చూశారు. రెండింటిలోనూ ఇచ్చిన ఆక్సలేటు సమానమే. మూత్రంలో ఆక్సలేటు పెరిగింది మాత్రం పసుపుతోనే. కారణం: పసుపులోని ఆక్సలేటులో 91 శాతం నీళ్లలో కరుగుతుంది, దాల్చినచెక్కలో 6 శాతమే. కూరలో వేసే చిటికెడు పసుపుకు భయపడనక్కర్లేదు, అది ఇంటిల్లిపాదీ పంచుకునేది. రాయి వచ్చిపోయినవాళ్లు ఆరోగ్యమని రోజూ చెంచాడు వేడినీళ్లలో కలుపుకోవడం, మాత్రలు మింగడమే ఇబ్బంది. టమాటా గింజలంటే వణికేవాళ్లు పాలకూరను మాత్రం వదలరు. ఆక్సలేటు అసలు దండిగా ఉండేది ఆ ఆకులోనే.

పసుపు తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఎండబోసే పని జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా సాగుతుంది. ఎండలో చెమట పోయేకొద్దీ మూత్రం చిక్కబడుతుంది. అందుకే ఎన్ని నీళ్లు తాగామన్నది అసలు లెక్క కాదు, మూత్రం ఎంత వచ్చిందన్నదే. రోజుకు రెండు, రెండున్నర లీటర్లు రావాలంటారు. 1996లో అచ్చైన ఇటలీ అధ్యయనంలో, మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని ఐదేళ్లు గమనిస్తే, నీళ్లు బాగా తాగినవాళ్లలో 12 శాతం మందికి, మిగతావాళ్లలో 27 శాతం మందికి రాయి మళ్లీ వచ్చింది. పనితనం బాగా పడిపోయి కాళ్లు వాచేవాళ్లకు మాత్రం ఈ లెక్క కుదరదు. వాళ్లు రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరే రాసివ్వాలి.