ఫైర్‌వాల్‌లో ఓఎస్‌పీఎఫ్ ఆన్ చేస్తున్నారా? ముందు ఈ 4 సెట్టింగ్స్ చూడండి

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, ఒక్క దారినే నమ్ముకుంటే ఎంత కష్టమో విజయవాడ చూసింది. నెట్‌వర్క్‌కీ ఇదే వర్తిస్తుంది.

విజయవాడలో హెడ్ ఆఫీస్, మచిలీపట్నంలో బ్రాంచ్ ఉన్నాయనుకోండి. రెండు చోట్లా ఫైర్‌వాల్స్, మధ్యలో రెండు వీపీఎన్ టన్నెల్స్. ఒకటి ఫైబర్ మీద, ఇంకోటి బ్యాకప్‌గా 4జీ సిమ్ మీద.

స్టాటిక్ రూట్ ఎందుకు చాలదు?

స్టాటిక్ రూట్ బందరు రోడ్డు మీద పాతిన బోర్డు లాంటిది. ముందు రోడ్డు మునిగినా అదే దారి చూపిస్తుంది. ఫైబర్ ఉయ్యూరు దగ్గర తెగినా, మోడెమ్ నుంచి ఫైర్‌వాల్‌కి వచ్చే కేబుల్ బాగానే ఉంటుంది. పోర్ట్ లైట్ వెలుగుతూనే ఉంటుంది, డేటా మాత్రం వెళ్లదు. రెండే సైట్లయితే పింగ్ మానిటర్‌తో సరిపెట్టుకోవచ్చు. గుడివాడ, అవనిగడ్డ కూడా కలిస్తే చేత్తో మెయింటైన్ చేయడం తలనొప్పే.

ఓఎస్‌పీఎఫ్‌లో పక్క పక్క డివైస్‌లు మామూలుగా 10 సెకన్లకోసారి హలో చెప్పుకుంటాయి. 40 సెకన్లు హలో రాకపోతే ఆ దారి తీసేసి, మిగిలినవాటిలో తక్కువ కాస్ట్ ఉన్నది ఎంచుకుంటాయి.

ఫైర్‌వాల్‌లో చూడాల్సినవి

1. రూల్: ఓఎస్‌పీఎఫ్ టీసీపీ కాదు, యూడీపీ కాదు. దాని ఐపీ ప్రోటోకాల్ నంబర్ 89. చాలా ఫైర్‌వాల్స్‌లో దీన్ని విడిగా అనుమతించాలి. టన్నెల్ ఇంటర్‌ఫేస్‌ల మీద మాత్రమే ఇవ్వండి, ఇంటర్నెట్ వైపు వద్దు.

2. ఆథెంటికేషన్: ల్యాన్ వైపు ఇంటర్‌ఫేస్‌ని పాసివ్‌లో పెట్టండి. టన్నెల్స్‌కి కీ పెట్టండి. లేకపోతే లోపల ఎవరో ల్యాప్‌టాప్‌తో దొంగ రూట్ పంపి, ట్రాఫిక్ అంతా తమవైపు తిప్పుకోవచ్చు.

3. కాస్ట్: డీఫాల్ట్ లెక్క 100 ఎంబీపీఎస్ ఆధారంగా ఉంటే 100 ఎంబీపీఎస్, 1 జీబీపీఎస్ లింకులు రెండింటికీ కాస్ట్ 1 వస్తుంది. అందుకే మీరే ఇవ్వండి: ఫైబర్‌కి 10, 4జీకి 100. రెండు చివర్లా అవే అంకెలు ఉండాలి. తేడా ఉంటే ప్యాకెట్ ఫైబర్‌లో వెళ్లి జవాబు 4జీలో రావచ్చు. మామూలు రౌటర్ దీన్ని పట్టించుకోదు. ఫైర్‌వాల్ అయితే ప్రతి కనెక్షన్‌నీ గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, అనుకోని వైపు నుంచి వచ్చిన జవాబుని డ్రాప్ చేసే అవకాశం ఉంది.

4. ఎంటీయూ: నైబర్ కనిపిస్తున్నా ఎక్స్‌స్టార్ట్ దగ్గరే ఆగిపోతే, ముందు రెండు వైపులా ఎంటీయూ ఒకటేనా చూడండి. వీపీఎన్‌లో ఇది చాలా కామన్.

టెస్ట్ ఇలా చేయండి

పింగ్ రన్ చేస్తూ, మోడెమ్‌కి బయటి నుంచి వచ్చే ఫైబర్‌ని తీయండి. ఫైర్‌వాల్ వైపు కేబుల్ తీస్తే పోర్ట్ డౌన్ అవుతుంది, అప్పుడు స్టాటిక్ రూట్ కూడా పాసైపోతుంది. 40 సెకన్లు ఎక్కువ అనిపిస్తే హలో, డెడ్ టైమర్లు రెండు చివర్లా సమానంగా తగ్గించండి, లేదా బీఎఫ్‌డీ వాడండి.

ప్రాక్టీస్‌కి ఖరీదైన బాక్స్ అక్కర్లేదు. వర్చువల్‌బాక్స్‌లో రెండు పీఎఫ్‌సెన్స్ మెషీన్లు, వాటిలో ఎఫ్ఆర్ఆర్ ప్యాకేజీ చాలు. ఆఫీస్ ఫైర్‌వాల్ మీద చేయి పెట్టే ముందు అక్కడే ఫైబర్ తెంపి చూడండి.