వీణ తయారీ - నాద సమతుల్యం

వీణ తయారీలో నాద సమతుల్యం అనగా కోరి చేయించుకునే వీణలో ధ్వని బలం, నాదం నిలిచే కాలం, స్వర స్పష్టత, గమకానికి అనువు అనే గుణాలను వాదకుని బాణీకి తగిన పాళ్ళలో కుదర్చడం. ఒక గుణం పెరిగితే మరొకటి కొంత తగ్గుతుంది కనుక "మంచి నాదం కావాలి" అని మాత్రమే చెప్పడం చాలదు.

నేపథ్యం

ఆంధ్ర ప్రదేశ్‌లోని విజయనగరం జిల్లా బొబ్బిలి వీణలకు ప్రసిద్ధి. సమీపంలోని గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాల వారు తరతరాలుగా వీటిని తయారుచేస్తున్నారు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కుండ, దండి వేరువేరుగా అతకకుండా ఒకే పనస దుంగ నుండి తొలిచిన వీణను ఏకాండి వీణ అంటారు.

కుండ, పలక

తంత్రి కంపనాన్ని గాలికి అందించేది ప్రధానంగా కుండపై మూతగా అమర్చే పలక. పలక పలుచనైతే తంత్రిలోని శక్తి త్వరగా ధ్వనిగా మారుతుంది. నాదం గట్టిగా వినిపించి త్వరగా ఆరిపోతుంది. మందమైతే ధ్వని తగ్గినా నాదం ఎక్కువసేపు నిలుస్తుంది. స్పెయిన్ దేశపు గిటారు శిల్పి ఆంటోనియో డి టోరెస్ (1817–1892) పై పలకకున్న ప్రాధాన్యాన్ని చూపడానికి 1862లో పక్కలు, వెనుక భాగం అట్టతో చేసిన గిటారును రూపొందించాడు.

గుర్రం, మెట్లు

వీణకు నాలుగు వాయించే తంత్రులు, మూడు తాళపు తంత్రులు ఉంటాయి. వాయించే తంత్రులు ఆనే గుర్రంపై లోహపు రేకు ఉంటుంది. దాని స్వల్పమైన వంపును అనుసరించి నాదంలోని మెరుపు మారుతుంది. 24 మెట్లను నల్లని మైనపు మిశ్రమంలో అమరుస్తారు. తంత్రి మెట్లకు మరీ దగ్గరైతే వాయించడం సులువైనా, గట్టిగా మీటినపుడు తంత్రి మెట్లను తాకి గరగరమంటుంది. మరీ ఎత్తైతే వేలికి శ్రమ పెరుగుతుంది, నొక్కినపుడు స్వరం హెచ్చుతుంది.

బాణీని బట్టి ఎంపిక

ఫ్లమెంకో గిటారులో తాళానికి తగిన చురుకైన, త్వరగా ఆరే స్వరం కావాలి. అందుకే సంప్రదాయంగా సైప్రస్ కలపతో తేలికగా చేసి, తీగలను తక్కువ ఎత్తులో అమరుస్తారు. వీణలో ఒకే మీటుపై తంత్రిని పక్కకు లాగి పలు స్వరాలు పలికిస్తారు. గమకం ముగిసే వరకు నాదం నిలవాలి. గానాన్ని అనుసరించే బాణీకి ఈ నిలకడ ముఖ్యం. వేగంగా తానం వాయించేవారికి ప్రతి మీటు విడివిడిగా వినిపించడం ముఖ్యం.

చేయించుకునేవారు గమనించవలసినవి

* తమ శ్రుతి, బాణీ, ఎక్కువగా వాయించే స్థలం ముందే తెలపాలి. మైకు వాడేవారు ధ్వని బలం కన్న నిలకడను కోరవచ్చును.
* తంత్రులు, గుర్రం, మెట్లు తరువాత కూడా సవరించవచ్చును. మైనం వేడికి మెత్తబడుతుంది కనుక మెట్లను ఎలాగూ అప్పుడప్పుడు సరిచేయవలసి వస్తుంది.
* తొలిచిన కలప తిరిగి రాదు. కావున పలకను మొదట కొంత మందంగా ఉంచి, వాయించి చూచిన పిదప అవసరమైతే తగ్గించడం మేలు.